పచ్చరంగు మంచం

మా ఇంట్లో ఒక టేకు మంచం ఉన్నది. 1953లో మా నాయనమ్మ పెళ్ళికి ఆమె పుట్టింటివారు దెగ్లూరులో చేయించి, ఎడ్లబండి మీద మద్నూరుకు పంపించారట. అప్పుడు ఆ రెండు ఊళ్ళూ హైదరాబాదు రాష్ట్రంలోనివే. 1956 నవంబరు 1న దెగ్లూరు తాలూకాలోని బిచ్కుంద, జుక్కల్ సర్కిళ్ళు తెలుగువారి వైపు వచ్చాయి. తక్కిన తాలూకా బొంబాయి రాష్ట్రంలో కలిసింది. నాయనమ్మ పుట్టిల్లు పరరాష్ట్రమయింది. మంచం ఇటే ఉండిపోయింది.

మా బాపు 1955లో ఆ మంచం మీదనే పుట్టాడు. నాయనమ్మ 1987లో దాని మీదనే కన్నుమూసింది. పోయినవారి పక్కను ఇంట్లో ఉంచుకోరాదని, ఎవరికైనా దానమివ్వవలసిందేనని పెద్దలు పట్టుబట్టారు. బాపు ఒప్పుకోలేదు. పదకొండవనాడు పెద్దమనిషి ఒకాయన మధ్యేమార్గం చెప్పాడు: "రంగేయిరా. రంగేస్తే కొత్త మంచమే." ఆ మాట పట్టుకుని బాపు అంగడి నుండి డబ్బా తెచ్చి, కోళ్ళకూ పట్టెలకూ తలాపు చెక్కకూ దట్టంగా పచ్చరంగు పూశాడు. నాకప్పుడు పదేళ్ళు. ఆ వాసనకు వారం రోజులు అందరమూ వాకిట్లోనే పడుకున్నాము.

ఇన్నేళ్ళ తరువాత ఆ మంచాన్ని కదిలించవలసి రావడానికి కారణం మా మనుమరాలు. పది నెలల పిల్ల. మంచం కోడు పట్టుకుని లేచి నిలబడటం నేర్చింది. ఒకనాడు దాని పెదవుల మీద పచ్చని పెచ్చు కనబడింది. నా గుండె ఝల్లుమంది. పాతకాలపు ఎనామిల్ రంగులలో, ముఖ్యంగా పసుపు, పచ్చ రంగులలో సీసం ఉండటం పరిపాటి. సీసం పసిపిల్లల మెదడును దెబ్బతీస్తుంది. ఇంత మోతాదైతే ఫరవాలేదు అనదగిన హద్దు కూడా లేదు. మన దేశంలో ఇళ్ళ రంగులలో సీసం పది లక్షల పాళ్ళకు 90 పాళ్ళు మించరాదన్న నిబంధన 2017 నవంబరు నుండి మాత్రమే అమలులోకి వచ్చింది. మరి 1987 నాటి డబ్బాలో ఏమున్నదో చూసి చెప్పగలవారెవరు?

పిల్లను డాక్టరుకు చూపించి రక్తపరీక్ష చేయించాము. భయపడవలసినదేమీ లేదన్నారు. ఆ మరునాడే తల్లీబిడ్డలను వారి ఊరికి పంపి పని మొదలుపెట్టాను.

వడ్ల ఆయన మంట పెట్టి రంగు ఊడదీస్తానన్నాడు. వద్దన్నాను, వేడికి సీసం పొగై లోపలికి పోతుంది. ఉప్పు కాగితంతో పొడిగా రుద్దినా దుమ్మే ప్రమాదం. అందుకని మంచాన్ని పెరట్లోకి తెచ్చి, కింద ప్లాస్టిక్ పట్టా పరచి, మూతికి మాస్కు కట్టుకుని, నీళ్ళలో తడిపిన వాటర్ పేపరుతో నాలుగు రోజులు రుద్దాను. రాలినదంతా ఎత్తి సంచిలో మూటగట్టాను. కోడులోని పగులు పూడ్చడానికి నిర్మల్ బొమ్మలవాళ్ళ పద్ధతి పాటించాను: చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపిన ముద్ద. వాళ్ళు తేలికపాటి పొనికి కర్ర ముక్కలను దానితోనే అతుకుతారు. ఆరిన తరువాత అది కుంచించుకుపోతే రెండవసారి పూడ్చవలసి వచ్చింది.

పచ్చదనం పోయేసరికి లోపలి టేకు తేనెరంగులో బయటపడింది. ఇంత మంచి కర్రను మళ్ళీ కప్పిపెట్టడం పాపమనిపించింది. వార్నిషు పూసి వదిలేద్దామనుకున్నాను.

సాయంత్రం బాపు కర్ర పోటు వేసుకుంటూ వచ్చాడు. వంగి, కోడును అరచేత్తో నిమిరాడు. చాలాసేపు ఏమీ అనలేదు.

"గదే పచ్చ ఎయ్యి," అన్నాడు.

"కర్ర చూడు బాపూ, ఎంత మంచిగున్నదో."

"కర్ర మంచిదే. ఎరుకనే. రంగేసి ఉంచుకుంట అని నలుగుట్ల మాట ఇచ్చిన."

"ఆ మాట ఇన్నోళ్ళల్ల ఇప్పుడు ఒక్కరు లేరు గద."

"ఇచ్చినోన్ని నేనున్న గదరా."

నా దగ్గర జవాబు లేదు. ఇన్నాళ్ళూ ఆ రంగు ఊరివారి నోరు మూయించడానికే అనుకున్నాను. తల్లి మంచాన్ని దక్కించుకోవడానికి ఆయన చెల్లించిన వెల అది అని అప్పుడు తెలిసింది.

సీసం కలపలేదని రాసి ఉన్న పచ్చరంగు డబ్బా తెచ్చాను. టేకులో సహజంగా నూనె ఉంటుంది. దాన్ని ముందు థిన్నరుతో తుడవకపోతే రంగు పట్టదు. బాపు 1987లో వేసిన రంగు పెచ్చులుగా ఊడటానికి అదీ ఒక కారణం కావచ్చు. తుడిచి, ప్రైమరు వేసి, ఒక్కొక్క పూతకు ఒక్కొక్క రోజు ఆరనిచ్చి రెండు పూతలు వేశాను. ఇంకా జిన్నింగు మిల్లులు నడుస్తున్న రోజులు. గాలిలో తేలివచ్చిన పత్తి నూగు తడిరంగుకు అంటుకుంటే మొదటి పూతను మళ్ళీ రుద్దవలసి వచ్చింది. రెండవ పూతకు అంటినదాన్ని అట్లాగే వదిలేశాను. తలాపు చెక్క మీద అది ఇప్పటికీ వేలికి తగులుతుంది.

నెల గడిచాక పిల్ల తిరిగి వచ్చింది. వచ్చీరాగానే కోడు పట్టుకుని నిలబడి, నోరు ఆనించింది. మెల్లగా వెనక్కి లాగాను కాని, ఈసారి పరుగెత్తలేదు. మంచం మీద పడుకున్న బాపు చెయ్యి కిందికి జాపాడు. పిల్ల కోడు వదిలి ఆ వేలు పట్టుకున్నది.