నాయన తుపాకి వెల

నాయన కర్మకాండలు ముగిసిన సాయంత్రం అన్న నన్ను అడిగిన మొదటి ప్రశ్న పొలం గురించి కాదు. "ఆ పట్టాళం రైఫిలుకు ఎంతొస్తాదిరా?" అన్నాడు.

మాది చంద్రగిరి దగ్గరి పల్లె. 2022లో తిరుపతి జిల్లావాళ్ళమయ్యాము గానీ, ఆ తుపాకి కాగితాలన్నీ చిత్తూరు పేరుతోనే ఉన్నాయి. చెనిక్కాయ చేలను అడవిపందుల బారినుండి కాపాడుకోవడానికి తాత తీసుకున్న లైసెన్సు అది. ఎన్నికలు వచ్చినప్పుడల్లా తుపాకిని స్టేషనులో జమచేసి పుచ్చుకున్న రసీదులు నాయన పెట్టెలో ఒక కట్ట ఉన్నాయి.

ఇంట్లో చెప్పుకునే కథ వేరు. 1804లో చిత్తూరు పాలెగాళ్ళు కుంపిణీ మీద తిరగబడినప్పుడు, మా పూర్వీకుడొకడు శత్రువు చేతిలోనుండి దానిని లాక్కున్నాడట. నాయన ఈ కథను ఎన్నడూ తడబడకుండా చెప్పేవాడు. అన్న లెక్కలో లక్షలు పలికేది ఆ కథకే.

నాయన పోయాక దానిని స్టేషనులో జమచేయాలి గనుక, ముందురోజు రాత్రి దీపం దగ్గర పెట్టుకుని కూర్చున్నాను. వెల కట్టాలంటే ముందు వయసు కట్టాలి. 1804 నాటిదైతే చెకుముకి రాయి ఉండాలి. దీనికున్నది కేపు తొడిగే చనుమొన. బ్రిటిషు సైన్యం 1840 ప్రాంతంలోగానీ కేపు తుపాకులకు మారలేదు. తుడిచి చూస్తే పక్కరేకు మీద కిరీటం, ఎన్‌ఫీల్డ్ అన్న మాట, 1858 అన్న అంకె బయటపడ్డాయి. కథ అక్కడే సగం కూలిపోయింది.

1853 నమూనా ఎన్‌ఫీల్డ్ గొట్టం లోపలి వ్యాసం 0.577 అంగుళం. లోపల మెలితిరిగిన గాడులు మూడుంటాయి. రైఫిల్ అనే పేరు ఆ గాడులవల్లనే వచ్చింది. నేను కాలిపరు పెట్టి కొలిస్తే 0.656 దగ్గర తేలింది. లోపల అద్దంలా నునుపు. 1857 తిరుగుబాటు తరువాత, దేశీయ సిపాయిలకు గురి తప్పని తుపాకి ఇవ్వడం ప్రమాదమని దొరలు తలచారు. గాడులు తొలిచివేసి, నునుపు గొట్టాలు చేసి ఇచ్చారు. అంటే మా ఇంటి దూలానికి వేలాడినది శత్రువును గెలిచిన గుర్తు కాదు. తన సిపాయినే నమ్మని ప్రభువు అతని చేతిలో పెట్టిన వస్తువు. అది మా ఇంటికి ఏ దారిన వచ్చిందో చెప్పగలవాళ్ళెవరూ ఇప్పుడు లేరు.

ఇక ధర. నూరేళ్ళు దాటిన ఇటువంటి వస్తువును 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం మనంతట మనం దేశం దాటించరాదు. 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం, పేలగల స్థితిలో ఉన్నంతవరకు కొనేవాడికీ లైసెన్సు ఉండాలి. విదేశాల వేలంపాటల ధరలు చూసి అన్న ఆశపడ్డాడు గానీ, ఆ ధరలు మనవి కావు. పైగా 2003లో ఖాట్మండూలోని పాత ఆయుధాగారం నుండి ఇటువంటి తుపాకులు వేలకొద్దీ అమెరికా చేరాయి. అరుదైనదనుకున్నది అంత అరుదేమీ కాదు. చిత్తూరులో ఒక తుపాకుల వ్యాపారిని అడిగితే, "ఇనుము, కొయ్య ధర కట్టుకోండి సార్" అని నవ్వాడు.

ఇదంతా అన్నకు చెప్పడం సులభమే. అమ్మకు చెప్పడానికే రెండు రోజులు పట్టింది. పాలెగాడి కథ అబద్ధమంటే నాయన అబద్ధమాడినట్లవుతుందేమోనని భయం.

అమ్మ అంతా విని, "గాడులు లేవంటివి గదా. మీ నాయన పేలిస్తే పందులు పారిపోయినాయా లేదా?" అంది.

"పారిపోయేవి."

"ఆ చేనే గదరా మిమ్మల్ని చదివించింది. దాని వెల ఇంక వేరే కట్టాల్నా?"

అన్న ఏమీ అనలేదు. మరుసటి వారం తన పేరు మీద లైసెన్సుకు దరఖాస్తు పెట్టుకున్నాడు. పంపకాల కాగితంలో తుపాకి ఎదుట ధర రాయవలసిన చోట మేమిద్దరం చిన్న గీత ఒకటి గీసి, సంతకాలు చేశాము.