కరకట్ట ఎక్కితే కారు గుట్టు తెలుస్తుంది!

మొవ్వ అనగానే క్షేత్రయ్య గుర్తొస్తాడు. పదిహేడో శతాబ్దంలో మువ్వగోపాలుడి ముద్రతో ఆయన కట్టిన పదాలు ఈ ఊరి పేరును దేశమంతా మోశాయి. పక్కనే నాట్యానికి పుట్టిల్లు కూచిపూడి. కాలువ, కాలువ పక్కన వరి, వరి మధ్యలోంచి రోడ్డు... ఇదీ ఇక్కడి బొమ్మ. ఆ రోడ్డు మీద ఒకప్పుడు ఎడ్లబండి నడిచింది. తర్వాత సైకిలు, ఆ తర్వాత మోటారుసైకిలు. ఇప్పుడు పంట డబ్బులు చేతికొచ్చిన ఇంట్లో వినిపించే మాట ఒకటే: ‘ఏవండీ, చిన్న కారొకటి చూద్దామా?’

కొత్తది అందదు. పాత ఆల్టోనో, వ్యాగనారో, శాంత్రోనో, ఐ10నో దొరికితే చాలు. పెద్దాయన్ని బందరు ఆసుపత్రికి తీసుకెళ్లాలన్నా, గుడివాడలో పెళ్లికి నలుగురూ కలిసి వెళ్లాలన్నా అదే ఆధారం. అందుకే ఆ రెండు మూడు లక్షలూ వృథా పోకూడదు.

గేదెను కొనేటప్పుడు మన రైతు పళ్లు చూస్తాడు. నడిపించి చూస్తాడు. రెండు పూటలూ దగ్గరుండి పాలు పిండించి చూస్తాడు. అదే మనిషి కారు దగ్గరకొచ్చేసరికి రంగు చూసి, ఏసీ చల్లదనం చూసి అడ్వాన్సు ఇచ్చేస్తాడు. ‘డాక్టరుగారు వాడిన బండండీ, సింగిల్ హ్యాండు!’ అన్న మాటకు పడిపోతాడు. కారును పరీక్షించడానికి పెద్ద చదువేం అక్కర్లేదు. డెల్టా ఇళ్లకు శత్రువులు రెండు... వరద నీళ్లు, ఉప్పుగాలి. కారుకూ అవే.

నీటి గీత ఎక్కడ?

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ పరిసరాలు రోజుల తరబడి నీళ్లలో ఉండిపోయాయి. వేల వాహనాలు మునిగాయి. అలా మునిగిన బండిని కడిగి, పాలిష్ పట్టించి, సెంటు చల్లితే పైకి పెళ్లికూతురిలా కనిపిస్తుంది. బెజవాడ నుంచి మనకు ఎంతో దూరం లేదు. అలాంటిదొకటి మన గుమ్మంలోకే రావచ్చు.

వరద ఎంత ఎత్తు వచ్చిందో గోడ మీది గీత చూసి చెప్పడం డెల్టా వాళ్లకు తెలిసిన విద్యే. ఆ గీతనే కారు లోపల వెతకండి. అద్దాలు బిగించి పది నిమిషాలు ఎండలో ఉంచి తలుపు తీయండి. ముక్కిన వాసన వస్తే అనుమానించాలి. సీటుబెల్టును చివరిదాకా లాగండి. చివర మట్టి మరక ఉంటే నీళ్లు అక్కడిదాకా వచ్చినట్టే. డిక్కీలో స్టెప్నీ పైకెత్తి దాని కింద గుంటలో బురద పొడి ఉందేమో చూడండి. సీట్ల కింద బోల్టులకు తుప్పు, హెడ్‌లైట్ల లోపల ఆవిరి మరకలూ అదే కథ చెబుతాయి. ఇంజినును బాగు చేయించుకోవచ్చు. నీళ్లు తాగిన వైరింగు మాత్రం ఆర్నెల్ల తర్వాత ఏ అర్ధరాత్రో మొరాయిస్తుంది.

ఒళ్లే ఎముక

ఇక ఉప్పు. బందరు, మంగినపూడి, నాగాయలంక, హంసలదీవి వైపు తిరిగిన బండిని ఉప్పుగాలి లోలోపల తినేస్తుంది. రొయ్యల చెరువుల గట్ల మీద తిరిగిన బండికి ఉప్పుమట్టి అదనం. ఈ చిన్న కార్లకు లారీలాగా విడిగా చాసిస్ ఉండదు. ఒళ్లే ఎముక. అందుకే తలుపుల కింది అంచులు, చక్రాల పైనున్న వంపుల లోపలి భాగం, జాకీ పెట్టే చోటు తప్పకుండా చూడాలి. జాకీ పెట్టే చోట రేకు పొరలు పొరలుగా ఊడుతుంటే బేరమాడొద్దు, వదిలేయండి. అనుమానమున్న చోట గుడ్డ చుట్టిన అయస్కాంతం పెట్టి చూడండి. సరిగా అతుక్కోకపోతే రంగు కింద ఉన్నది రేకు కాదు, పుట్టీ! సమతలంలో నిలబెట్టి వెనక నుంచి చూడండి. తోక కుంగి ఉంటే అది మనుషులకంటే మేత బస్తాలనే ఎక్కువ మోసి ఉండొచ్చు.

రోడ్డు మీద పరీక్ష

పొద్దున్నే వెళ్లండి. ముందు బానెట్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే మీరొచ్చేలోగా ఓసారి స్టార్ట్ చేశారన్నమాట. చల్లటి ఇంజినే నిజం చెబుతుంది. సైలెన్సర్ నుంచి నీలిపొగ వస్తే ఇంజినాయిల్ మండుతోందని అర్థం. ఇంజిను వేడెక్కాక కూడా తెల్లపొగ ఆగకపోతే కూలెంట్ లోపలికి దిగుతుండవచ్చు.

మొవ్వ నుంచి కూచిపూడి మీదుగా పామర్రు వెళ్లండి. పాటలు ఆపి, అద్దాలు దించండి. గతుకుల్లో, కల్వర్టుల దగ్గర ‘టకటక’ వినిపిస్తే సస్పెన్షన్ పని ఉంది. పామర్రులో విజయవాడ - బందరు జాతీయ రహదారి తగులుతుంది. అక్కడ అరవైలో వెళ్తూ స్టీరింగ్ పట్టు కాస్త వదులు చేయండి. బండి పక్కకు లాగకూడదు. వెనక ఎవరూ లేని చోట బ్రేకు వేసి చూడండి.

మరి పుల్లింగ్ ఎలా తెలుస్తుంది? డెల్టాలో ఘాట్ రోడ్డు లేదు కదా! ఉన్నది కరకట్టే. వెనక్కి వచ్చి చల్లపల్లి మీదుగా పులిగడ్డ వైపు సాగితే కృష్ణ కరకట్ట వస్తుంది. నలుగురిని ఎక్కించుకుని, ఏసీ వేసి, కింద దారి నుంచి కట్ట ఎక్కించండి. ఇంజిను అరుస్తూ బండి కదలకపోతే క్లచ్ అరిగింది. సగంలో ఆపి హ్యాండ్ బ్రేక్ వేయండి. జారితే దానికీ ఖర్చుంది. పనిలో పనిగా పులిగడ్డ - పెనుమూడి వంతెన మీద కృష్ణమ్మను చూసి రండి. తిరిగొచ్చాక బండి కింద చమురు చుక్కలు పడుతున్నాయేమో చూడండి.

మీటరులో కిలోమీటర్లు తగ్గించడం కష్టం కాదు. పెడళ్ల రబ్బరు, స్టీరింగ్ నునుపు మాత్రం దాచలేరు. టైరు మీద తయారీ తేదీ నాలుగంకెల్లో ఉంటుంది. ‘2319’ అంటే 2019లో 23వ వారం.

కాగితాలే గట్టు

‘ఏపీ 16’ పాత కృష్ణా జిల్లా నంబరు. 2019లో రాష్ట్రమంతటికీ ‘ఏపీ 39’ వచ్చింది. సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లే. 2012 నాటి బండికి 2027తో గడువు తీరుతుంది. మళ్లీ తనిఖీ, రుసుములు తప్పవు. హైదరాబాద్ బండి చవకగా వస్తే ఎన్‌వోసీ, ఇక్కడ కట్టాల్సిన జీవితపన్ను కలుపుకొని లెక్కేయండి. అప్పు మీద కొన్నదైతే ఫైనాన్స్ బాకీ తీరినట్టు సీబుక్‌లో నమోదవ్వాలి. చలాన్లు ఆన్‌లైన్‌లో చూసుకోవచ్చు. వీలైతే 2019 తర్వాతి బండి చూడండి. ఆ ఏడాది ఏప్రిల్ నుంచి ఏబీఎస్, జులై నుంచి డ్రైవరుకు ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి అయ్యాయి.

ఫారం 29, 30 మీద సంతకాలతో పని అయిపోదు. రికార్డుల్లో పేరు మారాలి, బీమా కూడా మీ పేరుకు రావాలి. ప్రమాదం జరిగితే రికార్డుల్లో ఎవరి పేరుంటే వారే యజమాని అని సుప్రీంకోర్టు 2018లో తేల్చింది. కొన్నవారికే కాదు, అమ్మినవారికీ ఇది ముప్పే.

మనవాళ్లు పొలం కొనేటప్పుడు అడంగల్ చూస్తారు, గట్ల వెంబడి నడుస్తారు, రిజిస్ట్రేషన్ నాటికి గానీ మొత్తం సొమ్ము చేతిలో పెట్టరు. కారుకూ అదే మర్యాద పాటించండి. టైర్లకూ బ్యాటరీకీ ధరలో పదోవంతు పక్కన ఉంచుకోండి. నచ్చలేదా... నమస్కారం పెట్టి వచ్చేయండి. పాత కార్లకు కృష్ణా జిల్లాలో కరువేం లేదు!