బుడగలు లేని పుట్టినరోజు

మా అమ్మాయికి అయిదేళ్ళు నిండిన సాయంకాలం ఇల్లంతా రంగురంగుల గాలిబుడగలు కట్టాం. నాలుగైదింటిని తానే నోటితో ఊదింది. కాసేపటికి పెదవులు వాచాయి, ఒళ్ళంతా దద్దుర్లు లేచాయి. ఏ పురుగో కుట్టిందనుకొని ఊరుకున్నాం. ఏడాది తిరగకముందే, ఒక దంతవైద్యుడు చేతొడుగులతో దాని నోరు పరీక్షిస్తుండగా పిల్లకు ఊపిరి అందలేదు. తొడకు అడ్రినలిన్ సూదిమందు వేశాకగాని తేరుకోలేదు. జీవితమంతా కావ్యాలు చదివినవాణ్ణి. ఆ కాసిన్ని నిమిషాల్లో ఒక్క పద్యమూ నాకు తోడు రాలేదు.

కారణం రబ్బరు పాలని వైద్యులు తేల్చారు. రబ్బరు చెట్టు బెరడును గీస్తే కారే ఆ తెల్లని పాలలో కొన్ని మాంసకృత్తులుంటాయి. కొందరి దేహం వాటిని శత్రువులుగా ఎంచి తిరగబడుతుంది. పొడి చల్లిన రబ్బరు చేతొడుగులైతే, ఆ పొడితోపాటు మాంసకృత్తులు గాలిలోనూ తేలుతాయి. తాకకున్నా ముప్పే. పొడి చల్లిన వైద్య చేతొడుగులను అమెరికా 2017లో నిషేధించింది. ఇప్పుడు ఏ వైద్యుని వద్దకు వెళ్ళినా ముందుగా చెప్పి, నైట్రైల్ చేతొడుగులు వాడమని కోరుతాం. ఉదయం మొదటి వంతు మాకిమ్మని అడుగుతాం. సూదిమందు ఎప్పుడూ సంచిలో ఉండవలసిందే.

బుడగలు మానడం సులువే. కష్టమంతా అరటిపండుతో వచ్చింది. ఈ బాధ గలవారిలో కొందరికి అరటి, బొప్పాయి వంటివీ పడవు. వాటిలోని కొన్ని మాంసకృత్తులు రబ్బరు పాలలోని వాటిని పోలి ఉంటాయి. మా పిల్ల ఆ కొందరిలో ఒకతె. పందిరికి అరటి బోదెలు, పూజకు అరటిపళ్ళు, భోజనానికి అరటాకు! మన ఇళ్ళలో అరటి లేని శుభకార్యమేది?

ఒకనాడు పూజ కాగానే మా అమ్మ పండు అందించింది. పిల్ల చేయి చాపలేదు.

“ప్రసాదం వద్దనకూడదమ్మా” అని అమ్మ నొచ్చుకుంది. తల్లికి ఎలా నచ్చజెప్పాలో తోచక నేను తల దించుకున్నాను.

“నాన్నమ్మా, అది తింటే నాకు ఊపిరాడదు. నాకు అక్షింతలు వెయ్యి, చాలు” అంది పిల్ల.

అమ్మ ఏమీ అనలేదు. అక్షింతలు వేసి లోపలికి వెళ్ళింది. ఆ ఏడు శ్రావణ శుక్రవారం పేరంటాళ్ళకిచ్చిన తాంబూలాలన్నిటిలోనూ అరటిపళ్ళకు బదులు బత్తాయిలున్నాయి. ఇదేమి కొత్త ఆచారమని ఒకావిడ అడిగితే, “మా మనవరాలు తిరిగే ఇల్లు కదమ్మా” అంది మా అమ్మ.