వాయిదాల మధ్య పెరిగే పిల్లలు

భార్యాభర్తలు విడిపోయాక పసిబిడ్డ ఎవరి దగ్గర పెరగాలో తేలడానికి ఏళ్లు పట్టవచ్చు. అంతవరకూ బిడ్డ ఏ ఇంట్లో ఉండాలి, రెండోవాళ్లు ఎప్పుడు చూడాలి అన్నది కోర్టు మధ్యంతర ఉత్తర్వుతో నడుస్తుంది. పెద్దలకు అది కేసులో ఒక మెట్టు మాత్రమే. రెండేళ్ల బిడ్డకు ఆరు నెలలంటే పుట్టినప్పటి నుంచి బతికిన కాలంలో నాలుగో వంతు. కర్ణాటకలోని క్యాసంబళ్ళి చుట్టుపక్కల పిల్లలకు వైద్యం చేసే నాకు ఈ లెక్క మరపుకు రాదు.

2001లో కోలారు బంగారు గనులు మూతపడ్డాక మా వైపు ఎంతోమంది తెల్లవారకముందే రైలెక్కి బెంగళూరుకు పనికి పోతున్నారు. విడిపోయిన తండ్రికి బిడ్డను చూసే తీరిక ఆదివారమే. తల్లి పుట్టిల్లు చాలాసార్లు కుప్పం వైపో, వి.కోట వైపో ఉంటుంది. అంటే బిడ్డ వారం వారం రాష్ట్రం దాటుతుంది.

ఒక బాబు తరచూ సోమవారాలే పిల్లికూతలతో వచ్చేవాడు. శని, ఆదివారాలు తండ్రి ఇంట్లో ఉంటాడు. పీల్చే మందు తల్లి ఇంట్లోనే ఉండిపోతుంది. "సంచిలో బట్టలే పెట్టినారు సార్, మందు సంగతి నాకెవురూ చెప్పలేదు" అన్నాడు తండ్రి. "ఆడికి పంపిస్తే మళ్ళా తిరిగి రాదు సార్" అంది తల్లి. ఇద్దరిలో ఎవరూ బిడ్డకు చెడు కోరినవాళ్లు కారు. ఉత్తర్వులో రోజూ, గంటా ఉన్నాయి, మందు లేదు. రెండిళ్లలో రెండు పెట్టించి, ఎలా పీల్పించాలో తండ్రికి దగ్గరుండి నేర్పాక సోమవారాల రాక తగ్గింది.

ఇంకో బిడ్డ తాయి కార్డు నాయనమ్మ బీరువాలో చిక్కుకుంది. టీకాలన్నీ అందులోనే రాస్తారు. పదహారో నెలకూ ఇరవై నాలుగో నెలకూ మధ్య పడాల్సిన బూస్టరు, రెండో మీజిల్స్-రుబెల్లా డోసు ఆగిపోయాయి. కార్డు ఇచ్చేస్తే బిడ్డను వదులుకున్నట్టేనని ఆ పెద్దామె భయం. ఆ భయాన్ని నేను తేలిగ్గా తీసుకోలేను. మనవరాలి గుర్తుగా ఆమె చేతిలో మిగిలింది అదొక్కటే.

అన్నిటికంటే నన్ను కలవరపెట్టేది ఏడుపు మానేసిన బిడ్డ. "మొదట్లో అమ్మ కావాలని ఒకటే రాగం, ఇప్పుడు అలవాటు పడిపోయింది" అని ఇంటివాళ్లు ఊరటగా చెబుతారు. 1952లో ఇంగ్లండులో జేమ్స్ రాబర్ట్‌సన్ తల్లికి దూరంగా ఆస్పత్రిలో ఉన్న రెండేళ్ల పాప మీద ఒక చిత్రం తీశాడు. తల్లికి దూరమైన పసివాళ్లు మొదట గొడవ చేస్తారు, తర్వాత నీరసించి మూగబోతారు, చివరికి తల్లి వచ్చినా ముఖం తిప్పుకుంటారని ఆయన, జాన్ బౌల్బీ గమనించి రాశారు. ఆ మౌనాన్ని మనం అలవాటు అనుకుంటున్నాం. తండ్రి దగ్గర పెరిగిన బిడ్డను తండ్రి నుంచి ఒక్కసారిగా తెంచినా జరిగేది ఇదే. పసిబిడ్డకు నెలకోసారి రోజంతా చూపించడం కంటే తక్కువసేపైనా తరచూ చూపించడం మేలు.

చట్టం ఈ విషయంలో గుడ్డిది కాదు. 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం అయిదేళ్లు నిండని బిడ్డ సాధారణంగా తల్లి దగ్గరే ఉండాలంటుంది, అన్నిటికీ మించి బిడ్డ క్షేమమే చూడాలనీ అంటుంది. గోవా నుంచి వచ్చిన ఒక కేసులో 2015లో సుప్రీంకోర్టు, అంత చిన్న బిడ్డను తల్లికి ఇవ్వకూడదంటే కారణం చూపాల్సింది తండ్రేనని చెప్పి మధ్యంతర సంరక్షణ తల్లికే ఇచ్చింది. 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం పన్నెండో సెక్షను కింద బిడ్డ తాత్కాలిక సంరక్షణకు, రక్షణకు తగిన ఆజ్ఞ ఏదైనా కోర్టు ఇవ్వవచ్చు. మందుల గురించీ, టీకా కార్డు గురించీ, బిడ్డను అప్పజెప్పే చోటు గురించీ రాయడానికి అందులో కావలసినంత చోటుంది. అడిగేవాళ్లే లేరు. అర్జీల నిండా ఒకరి మీద ఒకరి ఆరోపణలే.

అప్పజెప్పే చోటు కూడా చిన్న సంగతి కాదు. నాలుగేళ్ల పాప ఒకతె శనివారం రాత్రి కడుపునొప్పితో మెలికలు తిరిగేది. పరీక్షల్లో ఏమీ లేదు. ఆదివారం బస్టాండులో అందరి ముందూ రెండు వైపులవాళ్లూ అరుచుకునే చోట ఆమెను చేతులు మార్చేవారు. ఇద్దరికీ నచ్చిన ఒక పెద్దమ్మ ఇంటి అరుగు మీదికి మార్చాక నొప్పి పోయింది.

సర్టిఫికెట్టు కోసం నా దగ్గరికి ఇద్దరూ వస్తారు. అవతలివాళ్ల దగ్గర బిడ్డ చిక్కిపోయిందని రాయమంటారు. తూకం, తేదీ, చూసిన లక్షణం, ఇచ్చిన మందు, ఇవే రాస్తాను. ఎవరు మంచి తల్లో, ఎవరు మంచి తండ్రో తేల్చే పని వైద్యుడిది కాదు. డాక్టర్లందరూ ఈ గీత దాటకూడదనే నా గట్టి అభిప్రాయం.

వచ్చే వాయిదాకు వెళ్లే తల్లిదండ్రులకు నా మనవి ఒకటే. బిడ్డ నిద్రపోయే వేళ, తినేది, పడనిది, వాడే మందు, పడాల్సిన టీకా ఒక కాగితం మీద రాసి, తాయి కార్డు జిరాక్సు జతచేసి మీ లాయరు చేతికివ్వండి. ఇవన్నీ ఉత్తర్వులో చేర్చమని అడగమనండి. రాయడం రాకపోతే నా దగ్గరికి రండి, నేను రాసిస్తాను.