పాలపద్దు

2020 అక్టోబరు 13 రాత్రి కురిసిన వానను ఈ ప్రాంతంవారు ఇంకా మరువలేదు. సరూర్‌నగర్ చెరువు చుట్టుపట్ల కాలనీలను ముంచిన నీరే ఎల్‌బీ నగర్‌లోని మా వీధికీ వచ్చింది. తెల్లవారేసరికి క్రింది వాటాలో మోకాటి లోతు. బీరువా అడుగు అరలో నా దైనందినులు ఇరవైతొమ్మిది ఉండేవి. ప్రతి జనవరిలోనూ ఎవరో ఒక బీమా ఏజెంటు మిత్రుడు ఇచ్చిన డైరీలే అన్నీ.

తెలుగు పండితుణ్ణన్న అభిమానంతో ఎప్పుడూ సిరాకలంతోనే వ్రాశాను. బాల్‌పెన్నుతో అక్షరం అందం చెడుతుందని పిల్లలకు చెప్పేవాణ్ణి, మా ఆవిడకూ చెప్పేవాణ్ణి. ఆవిడ వినలేదు. నా డైరీలోనే, పుట అడుగున మిగిలిన రెండు మూడు గీతలలో, బాల్‌పెన్నుతో పాలపద్దు, ఇస్త్రీపద్దు వేసేది. "వేరే పుస్తకం పెట్టుకోరాదా?" అంటే, "దీన్లో తేదీ అచ్చువేసి ఉందిగదండీ" అనేది.

తడిసినవాటిని మేడమీద ఆరబెట్టి చూస్తే, నా వ్రాతంతా నీలిమరకై పుట నిండా పరచుకొని ఉంది. ఒక్క వాక్యమూ కూడలేదు. ఆవిడ పద్దులు మాత్రం వేసినవి వేసినట్లే ఉన్నాయి. సిరా నీటిలో కరుగుతుంది, బాల్‌పెన్నులోని జిడ్డురంగు కరగదు. (ముప్పయ్యేళ్ళు పాఠాలు చెప్పినవాడికి ఈ సంగతి అప్పుడు తెలిసింది!) అప్పటికి ఆవిడ పోయి పదునాలుగు నెలలు.

"నాన్నగారూ, ఇక కాగితాన్ని నమ్మకండి" అని మా అమ్మాయి నా ఫోనులో 'డే వన్' అనే డైరీ యాప్ పెట్టించింది. 2011లో పుట్టిన ఈ యాప్‌ను 2021లో ఆటోమాటిక్ సంస్థ కొన్నది. వర్డ్‌ప్రెస్.కామ్ నడిపేదీ వారే గనుక, పాత చుట్టరికమే కదా అనిపించింది. ఇందులో గడచిన తేదీ వేసికూడా వ్రాయవచ్చు, ఫొటో జతచేయవచ్చు. వ్రాసినది ఫోనులోనే కాక మరొకచోటా భద్రపడుతుంది. ఇదేమీ కొత్త ఉపాయం కాదు లెండి. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే నెలలో మద్రాసునుంచి కాశీకి బయలుదేరి, దారిపొడుగునా వ్రాసినది మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళెగారికి పంపుతూ వచ్చారు. 1836లో వారు గతించినా, 1838లో ఆ యాత్రాచరిత్ర అచ్చయింది.

నాకు నా వ్రాత తిరిగి రాదు. కాబట్టి ఆవిడ పద్దులనే ఫొటో తీసి, ఏ తేదీవి ఆ తేదీన చేర్చి, క్రింద టైపు చేయసాగాను. అక్కడ మరో చిక్కు. ఆవిడ 'ఆయన' అన్న మాటను ఎప్పుడూ 'ఆయిన' అనే వ్రాసేది. కాపురానికి వచ్చిన కొత్తలో ఎఱ్ఱసిరాతో దిద్దాను కూడా. ఇప్పుడు నా బదులు కీబోర్డు దిద్దబోతుంది. చెరిపి మళ్ళీ 'ఆయిన' అని కొడుతున్నాను.

రోజూ ప్రొద్దున ఈ యాప్ వెనుకటి సంవత్సరాలలో ఆ తేదీనాటి పుటలను చూపుతుంది. ఎక్కువగా పాలు, పెరుగు, ఇస్త్రీ. ఫిబ్రవరి 21న మాత్రం 2013 వస్తుంది. ఆ సాయంత్రం ఏడింటి వేళ దిల్‌సుఖ్‌నగర్‌లో రెండు బాంబులు పేలాయి. నేనున్న బస్సు మలక్‌పేటలో నిలిచిపోయింది. ఫోను కలవలేదు. సైదాబాదు, చంపాపేటల మీదుగా నడిచి ఇల్లు చేరాను. తలుపు తీసి, "కాళ్ళు కడుక్కోండి, అన్నం వడ్డిస్తాను" అన్నది, అంతే. పక్కవీధినుంచి వచ్చినట్లు పలుకరించిందని మనసు చివుక్కుమన్నది. ఆ రాత్రే కూర్చొని రెండు పుటలు వ్రాశాను. ఆ ఉక్రోషమూ వ్రాశాననే జ్ఞాపకం. మర్నాటినుంచి ఆ పుట మళ్ళీ తిప్పి చూడలేదు. దాని అడుగున ఆవిడ వ్రాసుకొన్నది ఆరబెట్టిన తరువాతనే చదివాను.

"పాలు అర లీటరు. టీవీలో బాంబులు. ఆయిన ఇంకా రాలేదు. 8 అన్నం వేడి చేశా. 9 మళ్ళీ వేడి చేశా. 9.40 వచ్చారు."

'వచ్చారు' దగ్గర కలం కాగితాన్ని చించుకొని అవతలి పుటమీద కూడా గీత పడింది. ఆ గీత ప్రక్కనే మరునాటి పద్దు: పాలు అర లీటరు, ఇస్త్రీ ఆరు.