బొంతలో దొరికిన ఆదరణ

దుఃఖములో నున్నవారియొద్దకు పోవునప్పుడు మనము సాధారణముగా మాటలు వెదకుదుము. ఏమి చెప్పవలెను, ఏ వాక్యము చదువవలెను అని దారిపొడుగున తలపోయుదుము. మాటలు మంచివే. అయితే మాట చొరలేని దుఃఖము కొన్ని యిండ్లకు వచ్చును. అట్టిది మా యింటికి వచ్చినప్పుడు సూదియు దారమును పాత చీరెలును మాకెట్లు తోడైనవో వ్రాయుచున్నాను.

1977వ సంవత్సరము నవంబరు 19వ తేది శనివారమునాడు దివిసీమను ఉప్పెన ముంచెత్తెను. మా పల్లె కృష్ణాజిల్లాలో చల్లపల్లి వైపున, సముద్రమునకు దూరముగా నున్నది. మాకు గాలియు వానయు మాత్రమే వచ్చినవి. తాటాకు కప్పులు ఎగిరిపోయెను. కోతకు వచ్చిన వరి నేలకు పడుకొనెను. కోడూరు, నాగాయలంక ప్రాంతముల తీరగ్రామములకు సముద్రమే నడచి వచ్చెను. తుఫాను గాలి కడలినీటిని లోతు తక్కువైన ఒడ్డుమీదికి నెట్టుటచేత, సుమారు 5 మీటర్ల ఎత్తున నీరు ఊళ్లమీద పడినదని తరువాత తెలిసెను. కనీసము 10,000 మంది ఆ తుఫానులో చనిపోయిరి.

మా మేనత్త ఆ తీరమందలి యొక పల్లెలో కాపురముండెను. ఆమె భర్తయు ఇద్దరు పిల్లలును ఆ రాత్రి పోయిరి. ఆమె తాటిచెట్టును పట్టుకొని బ్రదికెను. నీరు తీసిన తరువాత మా తండ్రి కాలినడకను పోయి, వెదకి, తన అక్కను ఇంటికి తీసికొని వచ్చెను. ఒంటిమీది చీరె తప్ప ఆమెకు మరేమియు లేదు. అప్పటికి నాకు పదునారేండ్లు.

ఆమె ఏడ్వలేదు. పిలిచినను పలుకలేదు. అన్నము పెట్టిన తినును, పెట్టనియెడల అడుగదు. ఊరివారు వచ్చి తమకు తోచిన ఓదార్పు చెప్పిపోయిరి. ఒకరు ఇది దేవుని చిత్తమనిరి; ఒకరు పిల్లలు ఆయనయొద్ద క్షేమముగా నున్నారనిరి. అందరును ప్రేమతోనే పలికిరి. ఆమె గోడవైపు తిరిగి పండుకొనెను.

డిసెంబరు వచ్చెను. రాత్రులు మంచు పడజొచ్చెను. ఇండ్లు పోయినవారికి కప్పుకొనుటకు ఏవైన పంపవలెనని మా సంఘములోని స్త్రీలు అనుకొనిరి. కొత్త దుప్పట్లు కొను శక్తి ఎవరికున్నది? కాని పాత నూలు చీరెలు లేని యిల్లు లేదు. మా అమ్మ వాటిని ఉడుకునీళ్లలో నుతికి, ఎండవేసి, వసారాలో చాప పరచి కూర్చుండెను.

ప్రియ సహోదరీలారా, బొంత కుట్టుట మీలో పెద్దవారికి తెలిసిన పనియే. అయినను చిన్నవారికొరకు చెప్పుదును. కట్టి కట్టి మెత్తబడిన చీరెలను నాలుగైదు పొరలుగా పరచవలెను. గట్టిగా నున్న గుడ్డ అడుగునకును పైకిని, చిరుగులెక్కువైనది లోపలికిని పోవును. అరచేతితో సాపుచేసి, మూలలకు బరువు పెట్టి, పొరలు కదలకుండ మొదట పెద్ద కుట్లు వేయవలెను. పిమ్మట అంచునుండి వ్రేలెడు ఎడముతో వరుస వెంబడి వరుస కుట్టుకొనిపోవలెను. పెద్ద బొంతకు ఇద్దరు ఎదురెదురుగా నుండుట మేలు. ఒక్కరే లాగినయెడల ఇటు ముడత పోయి అటు ముడత పడును.

ఈ కడపటి సంగతియే మా అత్తను లేపినది. మా అమ్మ ఎంత సాపుచేసినను ముడతలు పోవుట లేదు. ఆమె విసిగి, "వదినా, ఆ కొస కాస్త పట్టుకో" అనెను. అది ఓదార్పు మాట కాదు. నిజముగానే మరియొక చేయి కావలసి యుండెను. మా అత్త లేచి వచ్చి కొస పట్టుకొనెను. కొంతసేపటికి సూది యిమ్మని చేయి చాపెను.

ఆ దినము మొదలుకొని ప్రతి మధ్యాహ్నము వారిద్దరు కుట్టిరి. నేను దారము ఎక్కించి యిచ్చుచుంటిని. పని మాటలు తప్ప వేరు మాటలు లేవు. మూడవ బొంత పరచుచుండగా మా అత్త లోపలికి పోయి, తాను కట్టుకొని వచ్చిన చీరెను తెచ్చెను. ఎన్నిమార్లు ఉతికినను ఉప్పునీటి మరకలు దానిని వదలలేదు. దానిని ఆమె కట్టుకొనదు, పారవేయనీయదు. మడిచి తలక్రింద పెట్టుకొనుచుండెను. ఆ చీరెను తానే బొంతకు నడిమి పొరగా పరచెను. మా అమ్మ ఏమియు ననక దానిమీద మరియొక చీరె కప్పెను. కుట్టుచుండగా మా అత్త మొదటిసారి ఏడ్చెను, ఏడ్చుచునే కుట్టెను. ఏడ్వవద్దని మేము చెప్పలేదు. ఆ సాయంకాలమే పిల్లల పేర్లు ఆమె నోట వచ్చినవి.

"దీన్ని నువ్వే ఉంచుకో వదినా" అని అమ్మ అనెను.

"వద్దమ్మా. చలికి ఏ తల్లి బిడ్డో కప్పుకుంటాడు" అని ఆమె బదులు చెప్పెను. తక్కిన బొంతలతోకూడ దానిని పంపివేసితిమి.

యోబు స్నేహితులు మొదట ఏడు దినములు అతనితోకూడ నేలను కూర్చుండి మౌనముగా నుండిరి. వారు చేసిన మేలు అదియే. నోరు తెరచిన పిమ్మట అతని నొప్పించిరి. ఆ కథ చదివినప్పుడెల్ల మా వసారా నాకు జ్ఞాపకము వచ్చును. బొంత కుట్టుటచేత పోయినవారు తిరిగి రాలేదు. ఎందుకు జరిగెనను ప్రశ్నకు జవాబును దొరకలేదు. అయినను ఒక వరుస ముగిసిన తరువాత మరియొక వరుస యుండెను. రేపు లేచుటకు అది చాలియుండెను. మరకపడిన చీరె మరకతోనే లోపల నుండి, పైకి కనబడక, ఒకరికి వెచ్చదన మిచ్చెను. ఆదరణ యనగా దుఃఖమును చెరిపివేయుట కాదని నేను అక్కడ తెలిసికొంటిని.

మా అత్త ఆ తరువాత చాల యేండ్లు బ్రదికెను. మా పల్లెలో పుట్టిన బిడ్డలనేకులకు చిన్న బొంతలు కుట్టి యిచ్చెను.

1977 తరువాత మన తీరము వెంబడి తుఫాను షెల్టర్లు కట్టబడినవి. నేడు హెచ్చరికలు కొన్ని దినములు ముందుగానే వచ్చుచున్నవి. అందుచేత అనేక ప్రాణములు దక్కుచున్నవి; దేవునికి స్తోత్రము. అయినను గాలివాన వచ్చిపోయిన ప్రతిసారి ఎక్కడనో యొకరు గోడవైపు తిరిగి పండుకొనియే యుందురు. ప్రియులారా, అట్టివారిని చూడబోవునప్పుడు మాటలు దొరకలేదని వెనుకకు తిరుగకుడి. ఇద్దరు చేయవలసిన పని యేదైన వెంట తీసికొనిపోవుడి. ఒక కొస వారి చేతికి ఇయ్యుడి.