పిన్ని వాళ్ళ బీల

పేపర్లో వేలం ప్రకటనల పక్కన చిన్న అక్షరాలతో 'ప్రజాభిప్రాయ సేకరణ' అని పడుతుంటుంది. ఎప్పుడైనా చదివారా? మా ఇంట్లో ఆ పేజీ బీరకాయ తొక్కలకే.

పెద్ద థర్మల్ కేంద్రంలాంటిది కట్టాలంటే, 2006 నాటి కేంద్రం నోటిఫికేషన్ ప్రకారం ముందు ఆ చుట్టుపక్కల జనాన్ని పిలిచి అడగాలి. కనీసం 30 రోజుల ముందు ప్రకటన ఇవ్వాలి. నివేదిక సారాంశం స్థానిక భాషలో కూడా ఉండాలి. కలెక్టరో, ఆయన తరఫున మరో పెద్ద అధికారో కూర్చుంటారు, వీడియో తీస్తారు. ఇంతమంది రావాలన్న నియమం మాత్రం లేదు. పదిమంది వచ్చినా సభ సభే. ఇదే నాకు నచ్చదు.

పోయినేడాది శ్రీకాకుళం జిల్లాలో, సముద్రానికి దగ్గరగా ఉన్న మా పిన్ని వాళ్ళ ఊళ్ళో ఇలాంటి సభే పెట్టారు. "నువ్వు తెలుగు బీఏ కదే, ఇదేటో సూసి సెప్పు" అని పిన్ని ఆ సారాంశం ఫొటోలు తీసి పంపింది. ప్రబంధాలు చదువుకున్నదాన్ని, ఆ తెలుగు కొరుకుడు పడలేదు. వాక్యానికో 'బడు'. ఊహింపబడినది, పరిగణింపబడినది, నివారింపబడును! బూడిద ఎటు పడుతుందో పిన్నికి చెప్పడానికి తెలుగుని మళ్ళీ తెలుగులోకి మార్చాల్సొచ్చింది.

ఒక్క మాట మాత్రం స్పష్టంగా ఉంది. బంజరు. వాళ్ళ బీలని బంజరని రాశారు. మా వైపు బీల అంటే నీళ్ళు నిలిచే పల్లపు నేల. చేపలు, వరి, పశువులకి గడ్డి, అన్నీ దాన్నుంచే.

సోంపేట గొడవ కూడా బీల గురించే కదా. 2640 మెగావాట్ల థర్మల్ కేంద్రం పెడతామంటే జనం ఎదురు తిరిగారు. 2010 జూలై 14న పోలీసు కాల్పుల్లో ఇద్దరు చనిపోయారు. అదే రోజు జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ ప్రాజెక్టు అనుమతిని కొట్టేసింది. ఒక్కరోజు ముందు ఆ కాగితం వచ్చుంటే అని ఇప్పటికీ అనుకుంటాను.

అందుకే పిన్నిని సభకి వెళ్ళి తీరాలన్నాను. ఆడవాళ్ళకెందుకని బాబాయి వద్దన్నాడు. ఇంటికి నీళ్ళు మోసేదెవరో మరి! వెళ్ళింది, మాట్లాడింది కూడా.

సభ చివర, జనం చెప్పినవాటిని వాళ్ళకే చదివి వినిపించాలి. అదీ రూలే. అప్పటికి వంటకి పొద్దుపోతోందని ఆడవాళ్ళంతా లేచిపోయారట. పిన్ని కదల్లేదు. తన వంతు వచ్చేసరికి, నీటి సమస్య ప్రస్తావించారు అని చదివారట.

"నాను సమస్య అన్నేదు బాబూ, బీల అన్నాను. బీల అని రాయండి" అని లేచి నిలబడిందట.

చదివే గుమాస్తా తలెత్తి చూసి, కొట్టేసి, మళ్ళీ రాశాడట. ప్రాజెక్టు సంగతి ఇంకా తేలలేదు.